మెట్ల మొక్కు

స్కూటీ డిక్కీలో బూట్లు దొరికాయి!

ప్రసూనాంబ వెతికింది గొడుగు కోసం. కార్తీకమాసంలో ఈ వానేమిటని విసుక్కుంటూ, శివాలయానికి వెళ్లే తొందరలో కోడలి బండి డిక్కీ ఎత్తింది. గొడుగు లేదు. పాత తువ్వాలులో భద్రంగా చుట్టిన మూట ఒకటుంది. విప్పి చూస్తే... నీలంరంగు బూట్లు! పరుగెత్తేవాళ్లు వేసుకునే రకం. కొత్తవే. కానీ అడుగున ఎర్రమట్టి అంటుకుని ఉంది. అంటే కొని దాచుకున్నవి కావు, వాడుతున్నవి!

మొన్న శుక్రవారమేగా ఈ మహాతల్లి, "ప్రతి మెట్టుకీ వంగి లేవాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవు అత్తయ్యగారూ" అని కళ్లనీళ్లు పెట్టుకుంది! అమ్మవారి మెట్ల దగ్గర వంగని మోకాళ్లకు పరుగు బూట్లు ఎందుకమ్మా? ఎవరిని మోసం చేస్తున్నట్టు? అత్తనా, అమ్మవారినా?

మూట ఎలా ఉన్నది అలాగే చుట్టి, డిక్కీ మూసేసి, వానలో తడుస్తూ గుడికి వెళ్లింది. ప్రదక్షిణాలు చేస్తున్నంతసేపూ కళ్లముందు శివుడు లేడు, ఎర్రమట్టి ఉంది!

సత్యనారాయణపురంలోని ఆ ఇంటికి శాంభవి కోడలిగా వచ్చినప్పుడు ప్రసూనాంబ వీధివీధంతా చెప్పుకుంది, మా కోడలు ఫిజిక్స్ లెక్చరరు, యూనివర్సిటీ తరఫున పరుగుపందాల్లో గెలిచిన పిల్ల అని. ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. పెళ్లయిన రెండో ఏడే ఒకరోజు పొద్దున్న శాంభవి కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయింది. వేళ్లు అరటిపళ్లలా వాచిపోయాయి. ఆ తర్వాత మణికట్లు, మోకాళ్లు... కీళ్లవాతం అన్నారు డాక్టర్లు. ముసలితనంలో వచ్చే అరుగుదల కాదట, ఒంట్లోని రక్షణ శక్తే తిరగబడి సొంత కీళ్ల మీద పడుతుందట. పూర్తిగా పోదట, మందులతో అణిచి ఉంచాలట. ఆ రోజుల్లో ఎవరు చేశారు ఆ పిల్లకి? కన్నతల్లి కూడా చెయ్యనంత ప్రసూనాంబ చేసింది! ముద్దలు కలిపి తినిపించింది, తల దువ్వింది, పసిపిల్లకి పోసినట్టు నీళ్లు పోసింది. ఆ పరుగులే కొంప ముంచాయని తేల్చి, శాంభవి పాత బూట్లు రెండు జతలూ తీసుకెళ్లి మున్సిపాలిటీ చెత్తబండిలో పడేసింది. మంచం మీది పిల్ల, బండి వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

అదిగో, అప్పుడే మొక్కుకుంది ప్రసూనాంబ. "తల్లీ దుర్గమ్మా! మా పిల్లని లేపి నడిపించు. కొండకింది మెట్టు నుంచి నీ గుమ్మందాకా ప్రతి మెట్టుకీ దాని చేతులతో పసుపు రాయించి బొట్టు పెట్టిస్తాను!"

అమ్మవారు విన్నది. శాంభవి లేచింది, నడిచింది, మళ్లీ కాలేజీకి వెళ్తోంది. మరి మొక్కు తీర్చొద్దూ?

బూట్లు దొరికిన రోజు నుంచి ప్రసూనాంబకి ఇంట్లో మరో పని లేకుండా పోయింది. కోడలు లేస్తే చూపు, కూచుంటే చూపు. పొద్దున్నే శాంభవి వేళ్లు ముడవలేక వేణ్ణీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూచుంటుంది. ఇన్నాళ్లూ అది చూసి కడుపు తరుక్కుపోయేది. ఇప్పుడు అదే చూస్తుంటే... నిజమేనా ఇది? పొద్దున వంటింట్లో ఉన్నంతసేపూ నొప్పులు, సాయంత్రం అయ్యేసరికి బూట్లు! ఇంటి పనికి మాత్రం వచ్చే రోగమా ఇది?

పక్కింటి కనకలక్ష్మి చెవిన వేస్తే ఆవిడ ఊరుకుంటుందా! "నేననకూడదుగానీ పిన్నిగారూ... మీ అబ్బాయికా ఇబ్రహీంపట్నం థర్మల్లో షిఫ్టు డ్యూటీలాయె. ఒకరోజు పగలు, ఒకరోజు రాత్రి. ఇంట్లో మగాడు లేనివేళ చూసుకుని... ఏమోనమ్మా! రోజులు బాలేవు."

"నోర్ముయ్యవే, మా కోడలు అలాంటిది కాదు" అని గదమాయించింది ప్రసూనాంబ. కానీ ఆ మాట లోపలికి దిగిపోయింది. చింతపిక్క మింగినట్టు గొంతులో అడ్డం పడి కూచుంది.

మంగళవారం సాయంత్రం శాంభవి స్నేహితురాలు అక్షయ ఫోన్ చేసింది. "ఆంటీ, శాంభవి ఫోన్ ఎత్తట్లేదు. ఇంటికొచ్చిందా?"

"స్పెషల్ క్లాసులన్నదిగా అమ్మా!"

"స్పెషల్ క్లాసులా? కాలేజీ నాలుగున్నరకే..." అంటూనే ఆ పిల్ల నాలిక కరుచుకుంది. "అదే... ఉన్నాయేమోలెండి ఆంటీ!"

ఆ మర్నాడే మేడమెట్ల కింద నిలబడి శాంభవి గుసగుసగా ఫోన్లో మాట్లాడుతుంటే ప్రసూనాంబ విన్నది. "వస్తానండీ సిద్ధార్థగారూ... లేదండీ, ఇంట్లో చెప్పలేదు... అత్తయ్యగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా!"

సిద్ధార్థ! అయిపోయింది! కనకలక్ష్మి నోట అమ్మవారే పలికించిందా! ప్రసూనాంబ వంటింట్లోకి వెళ్లి పీట మీద కూలబడింది. నా కొడుకు అమాయకుడు, వాడికి లోకం తెలీదు, వాడి కాపురం ఏమైపోతుంది... కళ్లు తుడుచుకుంటుంటే భర్త మల్లికార్జునరావుగారు పేపరు చంకలో పెట్టుకుని వచ్చారు. రిటైరైన తెలుగు లెక్చరరు. ఆయనకు ఎగతాళి ఎక్కువ.

"ఏమిటోయ్, వారం నుంచి చూస్తున్నాను, సి.ఐ.డి.లో ఉద్యోగం వచ్చిందా నీకు?"

"మీకేం! ఇల్లు కాలిపోతున్నా పేపరే కావాలి మీకు!"

ఆయన నవ్వబోయి, భార్య ముఖం చూసి, ఏదో చెప్పబోయి మానేశారు. ఆ మానెయ్యడం కూడా కనిపెట్టింది ఆవిడ. ఓహో... ఈయనా ఏదో దాస్తున్నాడు!

మర్నాడు పొద్దున్న కోడలికి ఒక పరీక్ష పెట్టింది. తలుచుకుంటే ఆవిడకే తర్వాత సిగ్గేసింది, అప్పుడు మాత్రం పట్టుదల. కాఫీపొడి డబ్బా మూత తన బలమంతా పెట్టి బిగించి, "అమ్మాయ్, కాస్త మూత తీసి ఇవ్వు, నా చెయ్యి తడిగా ఉంది" అని అందించింది. శాంభవి తిప్పింది. రాలేదు. కొంగు చుట్టి తిప్పింది. రాలేదు. పెదవి బిగబట్టింది, కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అత్తగారికి కనపడకుండా తల తిప్పుకుని, "మావయ్యగారిచేత తీయించుకొస్తాను" అని వరండాలోకి వెళ్లిపోయింది. సినిమాల్లో వేషం ఇవ్వొచ్చు, అనుకుంది ప్రసూనాంబ!

ఇక ఆగలేదు. ఆ సాయంత్రమే బెంజ్ సర్కిల్ దగ్గర కోడలి కాలేజీ ఎదుట, ఒక జ్యూస్ షాపు నీడన ఆటోలో మాటు వేసింది. నాలుగున్నర దాటాక శాంభవి స్కూటీ బయటికొచ్చింది. ఇంటి వైపు తిరగలేదు!

"ఆ బండి వెనకాల పోనియ్ బాబూ!"

"ఏంటమ్మగారూ, ఛేజింగా? కోడలా?" అన్నాడు ఆటోవాడు నవ్వుతూ.

"నీకెందుకు, పోనియ్!"

రెండు సందులు తిరిగి స్కూటీ ఒక స్కూలు మైదానం ముందు ఆగింది. ఆటో దిగి ప్రసూనాంబ ప్రహరీగోడ పక్కన నక్కి నిలబడింది. మైదానమంతా ఎర్రమట్టి. ముప్పయ్యేళ్ల కుర్రాడొకడు మెడలో విజిలు వేసుకుని ఎదురొచ్చాడు. వీడే సిద్ధార్థ! శాంభవి చెట్టుకింద కూచుని బూట్లు వేసుకుంది. లేసు ముడి పడక రెండుమూడుసార్లు జారింది. అతను వంగి కట్టబోతే వద్దని చేత్తో వారించి, తనే ఎలాగో ముడేసుకుంది.

ఇక పరుగు మొదలు. ఏం పరుగు అది! ప్రసూనాంబ ఏదో లేడిలా దూకుతుందనుకుంది. శాంభవి నడిచింది, నడిచింది... అతను చెయ్యెత్తితే కాసేపు పరుగు. అదీ ఎలాంటి పరుగు? వాకింగుకి వచ్చిన ముసలాయనొకడు పక్కనుంచి దాటి ముందుకెళ్లిపోయాడు! మళ్లీ చెయ్యెత్తితే నడక. ఆడుకునే పిల్లలు చూసి నవ్వుకున్నారు. శాంభవి వాళ్లను చూడలేదు. ముఖంలో మాత్రం... ఎన్నేళ్లయింది ఆ పిల్ల ముఖంలో ఆ వెలుగు చూసి!

ఆ వెలుగే ఆవిడ ఒంటికి కారం రాసింది. ఇంట్లో ఏడుపు, ఇక్కడ వెలుగా! గేట్లోంచి గబగబా లోపలికి వెళ్లింది.

"శాంభవీ!"

శాంభవి నిలువునా కొయ్యబారిపోయింది. దొంగతనం చేస్తూ దొరికిన చిన్నపిల్లలా ఒక బూటును ఇంకో బూటు వెనక దాచుకుంది.

"అత్తయ్యగారూ..."

"అమ్మవారి మెట్ల దగ్గర వంగవన్నావే, ఇక్కడెలా వంగాయే ఆ మోకాళ్లు? స్పెషల్ క్లాసులా ఇవి? ఎవరితను?"

"ఫిజియోథెరపిస్టండీ అమ్మా, నమస్కారం" అన్నాడు సిద్ధార్థ బెదిరిపోయి. "డాక్టరుగారే మా దగ్గరికి పంపారు."

"మీరుండండి సిద్ధార్థగారూ, నేను చెప్తాను." శాంభవి ముందుకొచ్చింది. "మెట్టు మెట్టుకీ వంగి లేస్తే ఒంటి బరువంతా మోకాలి లోపల పడుతుంది అత్తయ్యగారూ. చదునుగా ఉన్నచోట మెల్లగా పరిగెత్తడం అలా కాదు. ఇది కూడా ఒక్కసారిగా రాలేదు... కుర్చీలోంచి లేవడం నేర్చుకున్నాను మొదట. తర్వాత నడక. ఈ పరుగు వచ్చి పది రోజులు కూడా కాలేదు. పొద్దున్న నా ఒళ్లు నాది కాదు. సాయంత్రానికి కాస్త నాదవుతుంది. ఆ కాస్తలో ఇది చేసుకుంటున్నాను. ఈ మైదానం చుట్టూ ఒక్క చుట్టు... ఎక్కడా ఆగకుండా ఒక్క చుట్టు పరిగెత్తాలని ఉంది. అంతే! ఇంకేం కోరిక లేదు నాకు!"

"అయితే నాకెందుకు చెప్పలేదు? మీ ఆయనకు తెలుసా?"

శాంభవి తల దించుకుంది. "తెలుసు... మావయ్యగారికి కూడా."

చెంప ఛెళ్లుమన్నట్టయింది ప్రసూనాంబకి. అంటే... అందరికీ తెలుసు! తనొక్కదానికే తెలీదు! వెనుదిరిగి ఆటో ఎక్కింది. దారిపొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ రోజు వంటింట్లో పొయ్యి వెలగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. డ్యూటీ దిగి వచ్చిన విశ్వేశ్వర్ తల్లి పక్కన కూచుని చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పొద్దన్నది నేనేనమ్మా. దాని తప్పేం లేదు."

"ఏం, నేను రాక్షసినా? ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పరాయిదాన్నా? దానికి ముద్దలు పెట్టింది నేను కాదూ..."

గుమ్మంలో నిలబడ్డ మల్లికార్జునరావుగారి గొంతులో ఈసారి ఎగతాళి లేదు. "ప్రసూనా! చెత్తబండి గుర్తుందా?"

"దాని మంచికే చేశాను!"

"ఎవరు కాదన్నారు? నీ మంచికి భయపడే చెప్పలేదు."

ఆ మాటకు ఆవిడ కొంగు ముఖం మీదికి లాక్కుంది. కానీ మనసు దిగిరాలేదు. బూట్ల సంగతి సరే... మరి మెట్లు? వంగితే బరువు పడుతుందట! డాక్టరు చెప్పాడో, అది కల్పించిందో ఎవరికి తెలుసు? ఇన్నాళ్లు అబద్ధమాడిన నోరు ఇప్పుడు నిజమే చెప్తోందని ఏమిటి నమ్మకం?

అప్పుడొచ్చింది శాంభవి, మావగారి వెనక నుంచి. ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని. "రేపు శుక్రవారమేగా అత్తయ్యగారూ. పొద్దున్నే వెళ్దాం. మెట్లపూజ చేస్తాను."

"పిచ్చా నీకు? వద్దు!" అని లేచాడు విశ్వేశ్వర్.

"మీరుండండి. ఆవిడకి నా మీద నమ్మకం పోయాక నేను పరిగెత్తి ఎవరికి చూపించుకోను?"

వద్దు అన్న మాట ప్రసూనాంబ నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. రేపటితో నిజమో నటనో తేలిపోతుందిలే అనుకుని కళ్లు మూసుకుంది.

తెల్లవారుజామున కృష్ణమీంచి చలిగాలి రివ్వున కొడుతోంది. ఆడవాళ్లు అక్కడక్కడా మెట్లకు పసుపు రాస్తూ, బొట్లు పెడుతూ పైకెక్కుతున్నారు. శాంభవి పళ్లెం పట్టుకుని మొదటి మెట్టు దగ్గర వంగింది. పసుపు రాసింది. కుంకుమ చిటికె పట్టబోతే వేళ్లు కలవలేదు, కుంకుమ జారిపోయింది. బొటనవేలి పక్కతో అద్ది పెట్టింది. గోడ పట్టుకుని లేచింది. రెండో మెట్టు. మూడో మెట్టు...

వెనకాల ప్రసూనాంబ పోలీసు కళ్లతో చూస్తోంది. ఎక్కడ దొరుకుతుందా నటన అని వెతుకుతోంది. ఆ చలిలో కోడలి మెడమీద చెమట పట్టింది. కాలివేళ్లు ముడుచుకుపోయాయి. ఒక్కసారన్నా "అమ్మా" అనలేదు. లేచిన ప్రతిసారీ ముఖం గోడవైపు తిప్పుకుంటోంది. ఎందుకు అటు తిప్పుకుంటోంది? ఏమిటి దాస్తోంది?... అప్పుడు వెలిగింది ఆవిడకు! నటించేవాళ్లు బాధను చూపించుకుంటారు. ఇది దాచుకుంటోంది! కాఫీపొడి డబ్బా దగ్గర తల తిప్పుకున్నదీ ఇలాగే! అయ్యో... ఆ మూత ఎంత గట్టిగా బిగించాను... ఎంత పాపిష్టి చేతులు నావి!

"లే! లే తల్లీ, చాలు!" ఏడుస్తూ కోడలి రెండు భుజాలూ పట్టుకుని లేపింది.

"మొక్కు అత్తయ్యగారూ..."

"మొక్కుకున్న నోరు నాది! నీ మోకాళ్లు తాకట్టు పెట్టడానికి నేనెవర్తినే?"

శాంభవి అత్తగారి భుజం మీద తలపెట్టి బావురుమంది. అన్నేళ్ల రోగంలోనూ ఏడవనంత ఏడ్చింది. పైకెక్కే ఆడవాళ్లు ఆగి చూసి, ఏం మొక్కో పాపం అనుకుంటూ తప్పుకుని వెళ్లారు.

పళ్లెం లాక్కుని ప్రసూనాంబ తనే వంగింది. అరవై దాటిన ఒళ్లు. ఓ పది మెట్లు ఎక్కేసరికి నడుము పట్టేసింది, ఊపిరి అందలేదు.

"అత్తయ్యగారూ, ఆగండి. నొప్పి మొదలైంది కదూ?"

"లేదు."

"అబద్ధం!"

ఆ మాటకు ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది. "ముదరకముందే ఆగిపోవాలండీ. ఇవాళ ఆగితేనే మళ్లీ చెయ్యగలం. నాకు సిద్ధార్థగారు నేర్పింది అదొక్కటే."

"అమ్మవారి దగ్గర సగంలో ఆపమంటావుటే?"

"అమ్మవారు ఎక్కడికి పోతుంది అత్తయ్యగారూ?"

ప్రసూనాంబ ఆ మెట్టుకు నిండుగా బొట్టు పెట్టి, పైకి చూసి చేతులు జోడించింది. "తల్లీ, ఇవాళ్టికి ఇక్కడిదాకా. మళ్లీ శుక్రవారం వస్తాను. ఏమనుకోకు."

ఆ పొద్దుటి మెట్లు ఊరికే పోలేదు. శాంభవి మోకాలు కొబ్బరికాయంత అయింది. పరుగు మానిపించారు. మళ్లీ కుర్చీలోంచి లేవడం దగ్గర నుంచి మొదలుపెట్టాలన్నాడు సిద్ధార్థ. శాంభవి అత్తగారిని ఒక్క మాట అనలేదు. ఒక్క మాటన్నా అంటే బాగుండునని ఆవిడ ఏడ్చుకుంది. రోజూ తెల్లారకముందే లేచి కోడలి చేతులకు వేణ్ణీళ్లు కాచింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ డబ్బా మూతా బిగించి పెట్టలేదు. పంచదారకి చీమలు పట్టాయి, కాఫీలో చీమ వచ్చిందని మల్లికార్జునరావుగారు గోల పెట్టారు. "చీమే కదా, కళ్లకు మంచిదిట, తాగండి" అన్నదావిడ. మూత బిగించాల్సింది కనకలక్ష్మి నోటికని కూడా అన్నది, గోడ అవతలికి వినపడేట్టు!

శివరాత్రి వెళ్లాక ఎండలు ముదురుతున్న ఒక సాయంత్రం, మైదానంలో సిమెంటు బెంచీ మీద గొడుగు వేసుకుని కూచుంది ప్రసూనాంబ. పక్కన ఫ్లాస్కు. మెట్లు ఇంకా మిగిలే ఉన్నాయి, శుక్రవారాలూ ఉన్నాయి. ఎదురుగా శాంభవి పరిగెత్తుతోంది. నడక లేదు, ఆగడం లేదు. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది, మూడోదీ దాటింది! సిద్ధార్థ పెదవుల దాకా విజిలు తెచ్చి ఊదకుండా నిలబడిపోయాడు. ఇంకొక్క మలుపు తిరిగితే చుట్టు పూర్తి!

ప్రసూనాంబ కళ్లు చిట్లించింది. బెంచీ మీంచి లేచింది. గొడుగు పడేసింది.

"ఏయ్ అమ్మాయ్! కుడికాలు లాగుతోంది!"

"లేదత్తయ్యగారూ!"

"నాకు తెలుసు, ముఖం అటెందుకు తిప్పుతున్నావు? నా దగ్గర దాస్తున్నావా? ఆగు!"

"ఇంకొక్క మలుపండీ... ప్లీజ్!"

"మలుపు ఎక్కడికీ పోదు! ఆగమన్నానా!"

శాంభవి ఆగింది. రొప్పుతూ, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలీక అత్తగారి వైపు చూసింది. కాలు నిజంగానే లాగుతోంది, సిద్ధార్థ కూడా కనిపెట్టలేదు. ప్రసూనాంబ ఎర్రమట్టిలో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, చెంగుతో కోడలి మెడ మీది చెమట తుడిచి, చంక కింద చెయ్యేసి పట్టుకుంది. మిగిలిన మలుపు ఇద్దరూ నడిచి తిరిగారు.

"ఇంకోసారి నొప్పి దాచావో" అన్నది ప్రసూనాంబ, ముక్కు ఎగబీలుస్తూ, "మళ్లీ నీ డిక్కీ వెతుకుతాను, చూసుకో!"